మార్కాపురంలో మంచు కురిసిన నెల

మా ఊళ్ళో ఒక సాహిత్య వాట్సాప్ గ్రూపు ఉంది. పొద్దున్నే గులాబీలతో శుభోదయాలు, మధ్యాహ్నం ఎవరిదో ఒక కవిత, సాయంత్రం ఆ కవితకు చేతులు జోడించిన బొమ్మలు. ఆ బొమ్మలు పెట్టినవాళ్ళలో కవిత చదివినవాళ్ళు ఎందరో నేను ఎప్పుడూ ఆరా తీయలేదు. నేనూ అంతే కనుక. అడ్మిన్ ఒక రిటైరైన తెలుగు మాస్టారు. మేమంతా ఆయన్ని సారు అనే అంటాం, ఆయన మాకు పాఠం చెప్పకపోయినా.

ఒక వేసవిలో సారు గ్రూపులో ఒక ప్రకటన పెట్టారు. ఎక్కడో పై దేశాల్లో జనం నెలరోజుల్లో నవల రాసేస్తున్నారట, మార్కాపురం ఎందులో తక్కువ అని ఆయన ప్రశ్న. నెలలో యాభై వేల పదాలు రాయాలి. పూర్తి చేసినవారికి సభ పెట్టి శాలువా కప్పుతారు. అక్కడితో ఆగి ఉంటే నేను ఆ ప్రకటనకు కూడా రెండు చేతులు జోడించి ఊరుకునేదాన్ని. కానీ చివర ఇంకొక వాక్యం ఉంది: "గృహిణులకు ఇంటిపని ఉంటుంది గనుక వారు సగం రాసినా చాలును."

గ్రూపులో గృహిణులం ముగ్గురం. ఒకామె వెంటనే ధన్యవాదాలు చెప్పింది. నాకు ఒళ్ళు మండింది. "నేను మొత్తం రాస్తాను సార్" అని పెట్టేశాను. సారు చప్పట్ల బొమ్మ పెట్టారు. దాని వెనక మరో పాతిక చప్పట్లు వచ్చాయి. అట్లా నేను నవలా రచయిత్రిని అయ్యాను.

మాది పురుగుమందులు, ఎరువుల దుకాణం. కింద దుకాణం, పైన ఇల్లు. మధ్యాహ్నం భోజనానికి పైకి వచ్చిన మా ఆయనకు విషయం చెప్పాను.

"యాభై వేలు ఏంది?" అన్నాడాయన ముద్ద ఆపి.

"పదాలు."

"ఎవరికి ఇయ్యాల?"

"ఎవరికీ కాదు. నవల."

"ఓ, అట్లనా" అని ఆయన మళ్ళీ ముద్ద కలుపుకున్నాడు. డబ్బులు కావని తెలిశాక ఆయనకు సాహిత్యం మీద అభ్యంతరం లేకపోయింది.

మా అత్తకు మాత్రం ఆసక్తి కలిగింది. ఆమె టీవీ సీరియళ్ళు ఒక్కటీ వదలదు. "అమ్మాయ్, దాంట్లో ఎవరు చస్తారు?" అని అడిగింది.

"ఇంకా అనుకోలేదత్తా."

"మొదట్లోనే ఒకర్ని చంపు. లేకపోతే ఎవరు కూసోని చూస్తారు?"

నవల అంటే పెద్ద విషయం గనుక అది మార్కాపురంలో జరగదని నాకు గట్టి నమ్మకం. మా ఇంట్లో పురుగుమందుల కంపెనీవాళ్ళు ఇచ్చిన క్యాలెండరు ఉంది. ఆ నెల బొమ్మ కాశ్మీరు. మంచుకొండలు, సరస్సు, అందులో పడవ, పైన కాయతొలుచు పురుగు మందు డబ్బా. ఆ డబ్బా ఒక్కటి వదిలేసి మిగతాదంతా నా నవలలోకి తీసుకున్నాను. ఆ నెల బొమ్మ సముద్రమై ఉంటే నా కథ ఓడ మీద నడిచేది. నేను చూసిన లోకం శ్రీశైలం, తిరుపతి, హైదరాబాదులో మా పిన్ని ఇల్లు. అయినా కాశ్మీరు గురించి రాయడానికి నాకేమీ జంకు కలగలేదు. మా గ్రూపులో సముద్రం చూడనివాళ్ళు సముద్రం మీద ఎన్ని కవితలు రాయలేదు!

నాయికకు పేరు పెట్టడం దగ్గర కొంచెం చిక్కు వచ్చింది. ఏ పేరు అనుకున్నా మా బంధువుల్లో ఆ పేరుగలామె ఒకరు తేలుతున్నారు. నాయిక మొగుణ్ణి వదిలేసి ఇంకొకడితో వెళ్ళిపోవడం నా కథ. ఏ పేరు పెట్టినా ఒక పెళ్ళికి పిలుపు తప్పిపోతుంది. చివరికి పేరు లేకుండా 'ఆమె' అని మొదలుపెట్టాను. మొదటి పేజీ గ్రూపులో పెడితే, ఆధునికంగా ఉందని సారు మెచ్చుకున్నారు.

ఆమె మొగుడు కాశ్మీరులో శాలువాల దుకాణం నడుపుతాడు. ఆమె కిటికీ దగ్గర కూర్చుని కురిసే మంచును చూస్తూ కాఫీ తాగుతూ నిట్టూరుస్తుంది. మొదటి అధ్యాయమంతా ఇదే. బయట మా వీధిలో తారు కరిగి చెప్పులకు అంటుకుంటోంది. కరెంటు పోయి వస్తోంది. నేను చెమట తుడుచుకుంటూ రాసిన మంచును మా అత్తకు చదివి వినిపించాను. ఆమె శ్రద్ధగా విని, "అయితే అమ్మాయ్, ఆడ ట్యాంకరు వస్తాదా?" అంది.

"ట్యాంకరెందుకు? చుట్టూ మంచే కదా."

"ఆ మంచు తాగుతారా? మరి కాఫీకి నీళ్ళు? బోరుందా ఆ ఇంటికి?"

మా వీధికి ట్యాంకరు వచ్చే రోజు ఆమె పొద్దున్నే బిందెలు వరసలో పెట్టి కాపలా కూర్చుంటుంది. ఎన్ని బిందెలు నిండాయో తెలియకుండా కిటికీ దగ్గర కూర్చుని కాఫీ తాగే ఆడమనిషి మీద ఆమెకు నమ్మకం కుదరలేదు. నేను విసుక్కుని ఆ పూటకు చదవడం ఆపేశాను.

రాయడం మొదలుపెట్టాక తెలిసింది, యాభై వేల పదాలంటే ఎంత కష్టమో. మన భాషలో ఒక పెద్ద వాక్యం రాసినా లెక్కకు నాలుగు పదాలే వస్తాయి. అందరూ అదే గోల పెడితే సారు గ్రూపులో ఒక సూచన చేశారు: "సంధులు విడదీసి రాయండి. సమాసాలు తగ్గించండి." జీవితమంతా పిల్లల చేత సంధులు కలిపించి, కలపనివాళ్ళను బెంచీ ఎక్కించిన మనిషి ఆయన. ఆ మాటతో మా గ్రూపులో తెలుగు ముక్కలు ముక్కలైంది. "రామాలయము" అని రాసేవాళ్ళు "రాముని యొక్క ఆలయము" అని రాశారు. ఒకాయన "వెళ్ళిపోయింది" అనే మాటను "వెళ్ళి పోయి ఉన్నది" చేసి, ఆ కిటుకును అందరికీ పంచారు.

ఆ కిటుకు పంచినాయన రిటైరైన బ్యాంకు మేనేజరు. రోజూ అందరికంటే ఎక్కువ పదాలు రాసేది ఆయనే. రోజుకొక ముఖ్యమైన వాక్యం గ్రూపులో పెడతారు. ఒకరోజు "ఈరోజు తెల్లవారుజామున మా అమ్మ కన్నుమూసింది" అని పెట్టారు. క్షణంలో నలభై ఓం శాంతులు వచ్చాయి. ఒకరు పూలదండ కొని ఆటోలో ఇంటికి కూడా వెళ్ళారు. గుమ్మంలో ఆ దండ అందుకున్నది వాళ్ళమ్మేనట. అది నవలలో వాక్యమని ఆయన వివరణ ఇస్తే, ఆ వివరణ కింద కూడా ఇద్దరు ఓం శాంతి పెట్టారు.

నాకు టైపింగ్ రాదు. ఒక్క వేలితో కొట్టుకుంటూ పోతే నెలకు కాదు, ఏడాదికీ తెమలదు. మా ఆయన జాలిపడి ఫోనులో వాయిస్ టైపింగ్ చూపించాడు. మనం మాట్లాడితే అదే రాసుకుంటుంది. ఇంట్లో సీరియళ్ళ మోత, కింద దుకాణంలో రైతుల మాటలు. అందుకని సాయంత్రం పూట మిద్దె మీదికి పోయి, అటూ ఇటూ నడుస్తూ ఫోనుకు నవల చెప్పడం మొదలుపెట్టాను.

ఫోనుకు మా మాట అర్థం కాలేదు. నేను "వచ్చినాడు" అంటే అది "వచ్చి నాడు" అని రెండు ముక్కలు చేసేది. పదాల లెక్క పెరుగుతుంది గనుక నేను దిద్దలేదు. మిగతా మాటలకు టీవీలో వార్తలు చదివే అమ్మాయిలాగా గొంతు పెట్టి మాట్లాడాల్సి వచ్చింది. అయినా కింద నుంచి దుకాణం మాటలు వచ్చి పడేవి. ఒకచోట ఇట్లా తయారైంది: "ఆమె సరస్సు వైపు చూస్తూ అతని చేయి పట్టుకొని యూరియా ఎప్పుడొస్తాదన్నా అని అడిగింది." చదివితే మొదటిసారి ఆమె నాకు ప్రాణమున్న మనిషిలా అనిపించింది. కానీ తీసేశాను.

మా మిద్దెకు ఆనుకుని పక్కింటి పై గది ఉంది. అందులో ఒక సాయిబుల అమ్మాయి టైలరింగ్ చేస్తుంది. నాకంటే పదేళ్ళు చిన్నది. నన్ను అక్కా అని, మా ఆయన్ని బావా అని పిలుస్తుంది. మా వీధి జాకెట్లన్నీ ఆమె చేతి మీదుగానే పోతాయి. ఒకరోజు నేను కథలో ముఖ్యమైన ఘట్టానికి వచ్చాను. నాయిక తన ప్రియుడితో ఫోనులో మాట్లాడే సన్నివేశం. నేనూ ఫోను చేతిలో పట్టుకుని, లోకం మరిచి, పైకే చెబుతున్నాను:

"ఇక నేను ఈ ఇంట్లో ఉండలేను. ఆయన దుకాణం మూసి వచ్చేలోగా మనం వెళ్ళిపోదాం. నువ్వు బస్టాండు దగ్గర ఉండు. నేను చీర మార్చుకుని వస్తాను."

పక్క గదిలో కుట్టుమిషను ఆగిపోయింది. నేను గమనించలేదు. మరుసటి రోజు ఆ టైలరమ్మాయి సేమ్యా పాయసం గిన్నెతో వచ్చింది. గిన్నె పెట్టి, తలుపు దగ్గరగా వేసి, నా చేయి పట్టుకుంది.

"అక్కా, బావ చానా మంచోడు. నోరు కొంచెం గట్టిదే గాని మనసు మంచిది. తొందరపడొద్దు."

"దేనికి?"

"నేను ఎవరికీ చెప్పలేదక్కా. అల్లా తోడు. కానీ నిన్న ఆ టైముకు కొలతలియ్యడానికి ఒకామె వచ్చి ఉన్నింది. ఆమె కూడా ఇన్నాది."

నేను పడీపడీ నవ్వాను. ఫోను తీసి ఆ పేజీ చూపించాను. ఆమె చదివి, గుండెల మీద చేయి వేసుకుని, తానూ నవ్వింది. పాయసం ఇద్దరం తిన్నాం. ఆ కొలతలిచ్చిన ఆమె సంగతి ఇద్దరమూ మరిచిపోయాం.

ఆమె గిద్దలూరులో ఉండే మా ఆడబిడ్డకు తోటికోడలి చెల్లెలు.

మరి రెండు రోజులకు మా ఆడబిడ్డ, ఆమె భర్త పొద్దున రైలుకు దిగారు. స్టేషను నుంచి ఆటోలో వచ్చి, దుకాణం ముందు దిగి, లోపలున్న మా ఆయన్ని చావుకు వచ్చినవాళ్ళలాగా చూసి, తిన్నగా పైకి ఎక్కారట. మా ఆడబిడ్డ భర్త ఆర్టీసీలో పనిచేసి రిటైరైనాయన. నేను అన్నయ్యా అంటాను. ఆయన చేతిసంచీ కింద పెట్టకుండానే కుర్చీలో కూర్చున్నారు. మంచినీళ్ళిస్తే తాగలేదు.

"ఏంది వదినా ఇది, ఈ వయసులో?" అంది మా ఆడబిడ్డ, కళ్ళనీళ్ళు పెట్టుకుని. "మా అన్న నీకేం తక్కువ చేసినాడు?"

మా అత్త వంటింట్లోంచి బయటికి వచ్చింది. మా ఆయన గల్లాపెట్టె తాళం వేసుకుని పైకి వచ్చాడు. నేను జరిగింది చెప్పాను. అది నవల అన్నాను.

"నవల రాస్తారు గాని, అరుస్తారా?" అన్నారు అన్నయ్య. "నవల ఎట్లుంటాదో మాకు తెల్దా?"

మా ఆయన కల్పించుకున్నాడు. "నవలే బావా. పొద్దున లేస్తే అదే పని. కూరలో ఉప్పేసేది కూడా మర్చిపోతాంది." నా శీలానికి ఆయన ఇచ్చిన సాక్ష్యం అది.

అయితే చదివి వినిపించమన్నారు. నేను ఫోను తీసి మొదటి నుంచి చదివాను. మొదటి అధ్యాయం కిటికీ, మంచు, నిట్టూర్పులకు అన్నయ్యకు కునుకు పట్టింది. అదే మాకు మంచిదైంది. ఇంత విసుగ్గా ఉన్నది నిజంగా జరిగి ఉండదని ఆయనకు నమ్మకం కుదిరింది. బస్టాండు దగ్గరికి వచ్చేసరికి మాత్రం మా ఆడబిడ్డ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ముందుకు జరిగింది.

"పోయిందా?" అంది.

"ఇంకా రాయలేదు."

"పోతాదా, పోదా?"

"పోతుంది."

"కాశ్మీరులో పోతే ఏముందిలే వదినా. ఆమెను ఆడ ఎవరు అడుగుతారు? బస్టాండులో నిలబడితే ఎవరు గుర్తుపడతారు? మనూళ్ళో అయితే కదా గుండె అదిరేది."

ఆ మాటకు నేను చదవడం ఆపి ఆమె మొహం చూశాను. కొద్దిసేపటి కిందట నా పరువు మీద పంచాయితీకి వచ్చిన మనిషి ఆమె.

అన్నయ్యకు కునుకు తేలింది. "మార్కాపురం బస్టాండులో ఎక్కేది కుదరదు. గంటసేపు నిలబడితే మనోళ్ళు పది మంది కనపడతారు. మన స్టేషనులోనూ అంతే. దొనకొండకు పోయి రైలెక్కాల" అన్నారు.

"దొనకొండకు ఎట్ల పోతాది?" మా అత్త అడిగింది.

"ఆటోకి."

"ఆటోవాడు మనోడైతే?"

"కనిగిరి ఆటోవాడిని పెట్టుకోవాల" అన్నాడు మా ఆయన. అని, అందరూ తన వంక చూసేసరికి, "మందుకు వచ్చిన రైతులు కాసుకోని ఉన్నారు" అంటూ కిందికి దిగిపోయాడు.

ఆ మధ్యాహ్నం భోజనాల దాకా మా ఇంట్లో మిగిలిన నలుగురం కలిసి ఒక పెళ్ళయిన ఆడమనిషిని ఎవరి కంటా పడకుండా ఎట్లా ఊరు దాటించాలో ఆలోచించాం. వచ్చిన పని ఎవరికీ గుర్తు లేదు. మా ఆడబిడ్డ అయితే ఆమె ఏ చీర కట్టుకోవాలో, తాళం ఎవరికి ఇచ్చి పోవాలో కూడా చెప్పింది. అంత వివరంగా ఎట్లా తెలుసని అడగాలని నాకు నోటిదాకా వచ్చింది. అన్నయ్య పక్కనే ఉన్నారని ఊరుకున్నాను. సాయంత్రం రైలుకు పోతూ ఆమె నా చేతులు పట్టుకుని, "ఏమైందో ఫోను చెయ్యి వదినా" అంది. ఎవరికో ఒంట్లో బాగోలేనట్టు.

కాశ్మీరును మార్కాపురానికి మార్చడానికి వ్యవధి లేదు. నెల సగం దాటిపోయింది. ఫోనులో ఒక మాట తీసి అన్నిచోట్లా ఇంకో మాట పెట్టే సౌకర్యం ఉందని మా ఆయనే చూపించాడు. మంచు అన్నచోటల్లా ఎండ అని పెట్టేశాను. సరస్సు పోయి కంభం చెరువు వచ్చింది. తర్వాత చదివితే ఇట్లా ఉంది: "ఎండ సన్నగా కురుస్తోంది. పిల్లలు ఎండను ఉండలు చేసి ఒకరిపై ఒకరు విసురుకుంటున్నారు." ఇంకోచోట, "అతని చూపు ఎండలా చల్లగా ఉంది." ఆ పేజీలన్నీ కూర్చుని ఒక్కొక్కటే దిద్దాను. దిద్దుతూ దిద్దుతూ కిటికీని, కాఫీని, నిట్టూర్పులను తీసేశాను. ఆమె చేతికి బిందె ఇచ్చి ట్యాంకరు దగ్గర నిలబెట్టాను. అక్కడ ఆమెకు మాట్లాడటానికి మనుషులు దొరికారు. కథ తనంతట తాను కదిలింది. కానీ పదాలు మాత్రం సగానికి సగం తగ్గిపోయాయి.

మొగుడి వ్యాపారం దగ్గర మళ్ళీ ఆగాను. మా ఊళ్ళో శాలువాలు ఎవరు కొంటారు, సన్మానాలకు తప్ప? మా ఆయన ముందే హెచ్చరించాడు, పురుగుమందులు వద్దని. "నన్ను రాసినావనుకుంటారు. పైగా దాంట్లో ఆమె పోతాది." పలకల వ్యాపారం అనుకుంటే, మా ఊళ్ళో పలకలవాళ్ళు ఒకరిద్దరా? చివరికి "ఆయనకు ఏదో వ్యాపారం ఉంది" అని రాశాను. ఆ ఒక్క వాక్యం గ్రూపులో పెడితే, ఇది కూడా చాలా ఆధునికంగా ఉందని సారు అన్నారు.

నెల చివరి రోజుకు పదాలు ఇంకా తక్కువ పడ్డాయి. మా అత్త తన చిన్నప్పుడు వెలిగండ్ల దగ్గర పల్లెలో చూసిన ఒక పెళ్ళి కథంతా చెప్పింది. దాన్ని నాయిక అత్త నోట పెట్టి నింపేశాను. సంధులు కూడా కాస్త విడదీశాను. లెక్క సరిపోయింది. గ్రూపులో "పూర్తయింది" అని పెట్టాను. చప్పట్లు, గులాబీలు, ఒక ఓం శాంతి వచ్చాయి.

పూర్తి చేసినవాళ్ళం ముగ్గురం. బ్యాంకు మేనేజరు, ఒక హోమియో డాక్టరు, నేను. సభ ఒక కల్యాణమండపం చిన్న హాల్లో పెట్టారు. ముఖ్య అతిథి ఆలస్యంగా వచ్చి, మార్కాపురం పలకల గొప్పతనం గురించి చాలాసేపు మాట్లాడి, ఇంకో సభ ఉందని వెళ్ళిపోయారు. తర్వాత సారు మా ముగ్గురి నవలల మీదా మాట్లాడారు. ఆయన తాను ఒక్క పేజీ రాయలేదు గానీ, మొదటి వారంలోనే అందరి నవలలకూ ముందుమాటలు రాసి పెట్టుకున్నారు.

"మన సోదరి కాశ్మీరు అందాలను మన కళ్ళకు కట్టారు" అన్నారు. "ఆ మంచు చదువుతుంటే నాకు ఈ హాల్లోనే చలి వేసింది."

హాల్లో ఫ్యాన్లు తిరగడం లేదు. జనం ప్రశంసాపత్రాలతోనే విసురుకుంటున్నారు. మూడో వరసలో కూర్చున్న మా అత్త టైలరమ్మాయి చెవిలో ఏదో అంది. ఆమె నవ్వు ఆపుకోలేక తల వంచుకుంది.

నా వంతు వచ్చింది. మైకు పట్టుకుని, "నా నవలలో కాశ్మీరు లేదండీ" అన్నాను. సారు చిరునవ్వుతో చప్పట్లు కొట్టారు. హాలంతా కొట్టింది. వినయం అనుకున్నారు. "నిజంగానే లేదు. అది ట్యాంకరు దగ్గర మొదలవుతుంది" అన్నాను. ఇంకా గట్టిగా కొట్టారు. ఇక చెప్పి లాభం లేదని కూర్చున్నాను. చెమట కారుతున్న మెడ చుట్టూ శాలువా కప్పారు. ఫోటోలో నా మొహం ఎంత బాధగా ఉందంటే, గ్రూపులో ఒకాయన దాన్ని ఆనందబాష్పాలు అని రాశారు.

అచ్చువేయించమని సారు అన్నారు. మా ఆయన సరేనన్నాడు గానీ, నేనే వద్దన్నాను. ముందుమాట కూడా అచ్చువేయాల్సి వస్తుంది కదా.

నవల ఇప్పుడు నా ఫోనులో ఉంది. దానికి చదువరులు లేరు గానీ వినేవాళ్ళు ఉన్నారు. టైలరమ్మాయి కుట్టుకుంటూ వింటానంది. మధ్యాహ్నం పనయ్యాక ఆ గదికి పోయి రోజూ కొంచెం చదువుతున్నాను. మా ఆడబిడ్డ ఫోనులో వింటుంది. మిషను మోతకు వినపడక, ఆపమని అవతల నుంచి అరుస్తుంది. టైలరమ్మాయి కూడా మంచి ఘట్టం వస్తే మిషను మీంచి కాలు తీసేస్తుంది. దాంతో వీధిలో జాకెట్లు ఆలస్యమవుతున్నాయి. అడగడానికి వచ్చినవాళ్ళు గుమ్మంలో నిలబడి వినడం మొదలుపెడతారు. కాసేపటికి లోపలికి వచ్చి బట్టల మూట జరిపి కూర్చుంటారు.

నిన్న ఒకామె మంచి కోపం మీద వచ్చింది. పెళ్ళి ఎల్లుండి అంట, జాకెట్టు ఇంకా కత్తిరించనే లేదు. వచ్చీ రాగానే అరవబోయింది. నేను అప్పుడు నవలలో దొనకొండ స్టేషను దగ్గర ఉన్నాను. రైలు వచ్చి ఆగింది. నవలలో ఆమె ఒక కాలు రైలు పెట్టె మెట్టు మీద పెట్టింది.

"ఎవరామె?" అంది ఆ వచ్చినావిడ.

టైలరమ్మాయి నోటి మీద వేలు పెట్టింది. ఆవిడ చెప్పులు విడిచి లోపలికి వచ్చి, నా పక్కన కూర్చుంది.

"మొదటి నుంచి చదువు" అంది.